విజయవాడ ఎంపీ సీటు కంచుకోటేనా? 2.82 లక్షల మెజారిటీని ఎలా చదవాలి

మీరు అడిగింది ఇదీ: 2019లో 8,726 ఓట్లతో గట్టెక్కిన సీటు 2024లో ఏకంగా 2,82,085 మెజారిటీ ఇచ్చింది కదా, ఇక విజయవాడను తెలుగుదేశం కంచుకోట అనుకోవాలా, లేక 2029లో మళ్ళీ నువ్వా నేనా అన్నట్టు ఉంటుందా అని. గొల్లపూడిలో మీ సొంత బూత్ లెక్క ఎలా చూసుకోవాలని కూడా అడిగారు. అది చివర్లో చెబుతాను.

ముందుగా ఒక మాట. నేను ఏ పార్టీ మనిషినీ కాను. గవర్నమెంటు కాలేజీలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఎన్నికలొస్తే ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ తప్పేది కాదు. ఆ డ్యూటీలు నాకు అంటించిన జబ్బు ఒక్కటే, ఫలితాలు వచ్చాక బూత్‌లవారీ లెక్కలు ముందేసుకుని కూర్చోవడం. కాబట్టి టీవీల్లో వినిపించే "గాలి" గురించి కాకుండా లెక్కల వైపు నుంచి చెబుతాను.

కంచుకోట అన్న మాట దగ్గరే మొదలుపెడదాం. 1984 నుంచి 2024 దాకా విజయవాడలో పదకొండు లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. తెలుగుదేశం ఆరు గెలిచింది (1984, 1991, 1999, 2014, 2019, 2024). కాంగ్రెస్ అయిదు గెలిచింది (1989, 1996, 1998, 2004, 2009). 2014కి ముందు వరకే చూస్తే ఎనిమిదింట తెలుగుదేశానికి దక్కినవి మూడే. అంతకన్నా విచిత్రం ఏమిటంటే, ఆ పార్టీ ఈ సీటును వరసగా రెండోసారి నిలబెట్టుకున్నది మొట్టమొదటిసారి 2019లో. రాష్ట్రమంతా ఫ్యాను గాలి వీచి, 25 ఎంపీ సీట్లలో 22 వైసీపీ ఊడ్చుకుపోయిన ఏడాది అది. పార్టీ పెట్టిన నాటి నుంచి అంత చిత్తుగా ఎన్నడూ ఓడని తెలుగుదేశం, విజయవాడలో మాత్రం సిట్టింగ్ సీటు కాపాడుకుంది. కంచుకోట అన్న పేరు ఈ మూడు గెలుపుల మీద కట్టిందే తప్ప అంతకుముందు చరిత్రలో దానికి పునాది లేదు.

నిజానికి ఈ ఊరు మొదటి నుంచీ ఎవరికీ పూర్తిగా చిక్కలేదు. 1952లో ఇక్కడి నుంచి లోక్‌సభకు వెళ్ళింది హరీంద్రనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తమ్ముడు, కవి. తెలుగువాడు కాడు. కమ్యూనిస్టుల అండతో ఇండిపెండెంట్‌గా గెలిచాడు. అప్పటి బెజవాడ కమ్యూనిస్టుల ఊరు. 1981లో కార్పొరేషన్‌కు మొదటిసారి ఎన్నికలు జరిగితే మేయరు పీఠం కూడా వాళ్ళకే దక్కింది. 1957లో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ కాంగ్రెస్ తరఫున గెలిచారు. 'విజ్ఞాన సర్వస్వం' లక్ష్మణరావు గారి కూతురు. ఆ తర్వాత 1962, 1967, 1971 మూడుసార్లు కె.ఎల్. రావు గారు. కంకిపాడులో పుట్టిన ఇంజనీరు, ఢిల్లీలో నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రి, పులిచింతల జలాశయానికి ఇప్పుడున్నది ఆయన పేరే. ఆ రోజుల్లో విజయవాడలో కాంగ్రెస్ మెజారిటీ గురించి ఎవరూ కాగితం పెన్సిలు పట్టుకుని కూర్చునేవారు కాదనుకుంటాను. 1977లో గోడే మురహరి, 1980లో గోరా గారి కూతురు చెన్నుపాటి విద్య. వీళ్ళిద్దరూ కాంగ్రెస్సే.

1984తో అసలు పోటీ మొదలైంది. ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్‌కు పోతే మన రాష్ట్రం ఎదురు తిరిగింది. వడ్డే శోభనాద్రీశ్వరరావు గెలిచారు. 1989లో విద్య గారు తిరిగి వచ్చారు. 1988 డిసెంబరు 26న కాపు నాయకుడు, కాంగ్రెస్ ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా హత్య, ఆ తర్వాత ఊరు తగలబడిన రోజులు, కర్ఫ్యూ, ఇవన్నీ ఆ ఎన్నిక వెనకాల ఉన్నాయి. ఆ గాయాలను కెలకడం నా ఉద్దేశం కాదు. కానీ విజయవాడలో ఓటు లెక్క వేసేవాడెవడూ 1988ని దాటేసి వెళ్ళలేడు. కాపు ఓటు, కమ్మ ఓటు అని విడివిడిగా కాలమ్‌లు గీసి మాట్లాడుకునే అలవాటు ఈ ఊళ్ళో అప్పుడే గట్టిపడింది. 1991లో మళ్ళీ వడ్డే. కృష్ణకు అటు పక్క గుంటూరులో కూడా అదే ఏడాది ఎన్.జి. రంగా అంతటి మనిషిని లాల్‌జాన్ బాషా ఓడించారు.

1996 నుంచి మాత్రం ఒక పద్ధతి కనిపిస్తుంది, నా సమాధానానికి అసలు ఆధారం అదే. పొత్తులూ, మూడో పార్టీ ఓట్లూ పక్కన పెడితే ఈ సీటు ఫలితం అర్థం కాదు. 1996లో తెలుగుదేశం రెండు ముక్కలై, లక్ష్మీపార్వతి వర్గం విడిగా నిలబడింది. గెలిచింది పర్వతనేని ఉపేంద్ర, ఒకప్పుడు తెలుగుదేశం నుంచే కేంద్రమంత్రి అయి, ఆ తర్వాత కాంగ్రెస్‌లోకి వచ్చిన మనిషి. 1998లో బీజేపీ విడిగా పోటీ చేసింది, రాష్ట్రంలో నాలుగు ఎంపీ సీట్లు కూడా కొట్టింది. విజయవాడ మళ్ళీ ఉపేంద్రదే. 1999లో బీజేపీ, తెలుగుదేశం చేతులు కలిపాయి, గద్దె రామమోహన్ గెలిచారు. 2004లో పొత్తు అటు మారింది, కాంగ్రెస్ పక్కన వామపక్షాలు చేరాయి. అప్పటికి విజయవాడలో ఎర్రజెండాకు ఓట్లు ఉండేవి. అదే ఏడాది విజయవాడ పశ్చిమం నుంచి సీపీఐ అభ్యర్థి నాసర్ వలీ ఎమ్మెల్యే అయ్యారు. ఎంపీగా లగడపాటి రాజగోపాల్, సినిమా నిర్మాత అశ్వనీదత్‌ను ఓడించారు.

ఇక 2009 దగ్గర కాస్త ఆగాలి. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత వచ్చిన మొదటి ఎన్నిక అది. కంకిపాడు అసెంబ్లీ సీటు పోయి విజయవాడ సెంట్రల్ వచ్చింది. నందిగామ ఎస్సీ రిజర్వుడు అయింది, దానితో నందిగామలో పాతుకుపోయిన దేవినేని ఉమా మైలవరానికి మారారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా సరిహద్దు అదే: తిరువూరు, నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం, నగరంలో పశ్చిమం, సెంట్రల్, తూర్పు. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినప్పుడు సరిగ్గా ఈ ఏడింటితోనే గీశారు. కాబట్టి 2009కి ముందు అంకెలనూ తర్వాత అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకండి. కొందరు టీవీ విశ్లేషకులు ఇప్పటికీ అదే చేస్తున్నారు.

2009లో ఏడు అసెంబ్లీల్లో తెలుగుదేశం మూడు గెలిచింది, కాంగ్రెస్ రెండు, ప్రజారాజ్యం రెండు (పశ్చిమం, తూర్పు). ఎంపీ మాత్రం లగడపాటే. ఆయనకు 4,29,394, తెలుగుదేశం అభ్యర్థి వల్లభనేని వంశీకి 4,16,682. తేడా 12,712. మూడో స్థానంలో ఉన్న ప్రజారాజ్యానికి ఆ తేడాకు ఎన్నో రెట్లు ఓట్లు వచ్చాయి. ఎక్కువ ఎమ్మెల్యేలున్న పార్టీ ఎంపీ సీటు పోగొట్టుకోవడం అప్పుడే చూశాం, పదేళ్ళకు అదే ఎదురు దిశలో మళ్ళీ జరిగింది.

2014లో జనసేన పోటీలో లేదు, పవన్ కల్యాణ్ తెలుగుదేశం, బీజేపీ కూటమికి మద్దతిచ్చారు. కేశినేని నానికి 5,92,696, వైసీపీ తరఫున కోనేరు రాజేంద్రప్రసాద్‌కు 5,17,834. మెజారిటీ 74,862.

2019లో జనసేన విడిగా, వామపక్షాలూ బీఎస్పీతో కలిసి వచ్చింది. నానికి 5,75,498, వైసీపీ అభ్యర్థి పొట్లూరి వరప్రసాద్‌కు 5,66,772, జనసేన ముత్తంశెట్టి ప్రసాదబాబుకు 81,650. గెలుపు 8,726తో.

2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ మూడూ ఒకే గూటికి వచ్చాయి. కేశినేని శివనాథ్‌కు (అందరూ చిన్ని అనే పిలుస్తారు) 7,94,154, వైసీపీలోకి వెళ్ళిన ఆయన అన్న నానికి 5,12,069.

ఈ మూడు ఎన్నికల అంకెలను నిలువుగా చదవండి. వైసీపీ ఓటు: 5.18 లక్షలు, 5.67 లక్షలు, 5.12 లక్షలు. 2014లో వచ్చిన దానికీ 2024లో వచ్చిన దానికీ తేడా ఆరు వేలు కూడా లేదు. రాష్ట్రమంతా ఊడ్చిపెట్టిన ఏడాదిలోనూ, పదకొండు ఎమ్మెల్యే సీట్లకు పడిపోయిన ఏడాదిలోనూ ఈ ఎంపీ సీటులో వాళ్ళ ఓటు అయిదు లక్షల పైచిలుకు దగ్గరే తిరుగుతోంది. 2019తో పోలిస్తే 2024లో వాళ్ళు పోగొట్టుకున్నది 54,703 మాత్రమే. తెలుగుదేశం అదనంగా తెచ్చుకున్నది 2,18,656. అంటే 2.82 లక్షల మెజారిటీని "వైసీపీ కుప్పకూలింది" అని చదివితే పొరపాటే. దానిలో పెద్ద వాటా కలిసొచ్చిన ఓట్లది. జనసేనకు విడిగా పడిన 81 వేలు, బీజేపీ ఓట్లు, కొత్తగా నమోదైనవాళ్ళు, మే 13న హైదరాబాదు నుంచి బస్సులెక్కి, కార్లెక్కి వచ్చి ఓటేసి వెళ్ళినవాళ్ళు. ఆ రోజు జాతీయ రహదారి మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్ల బారు చూసినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడగని, కానీ నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే సంగతి. 2019లో ఏడు అసెంబ్లీల్లో ఆరు వైసీపీ గెలిచింది. తెలుగుదేశానికి తూర్పు ఒక్కటే, గద్దె రామమోహన్. సెంట్రల్‌లో మల్లాది విష్ణు బొండా ఉమాను ఓడించింది 25 ఓట్లతో. వైసీపీ గెలిచిన ఆరు చోట్ల మెజారిటీలు కూడి, తూర్పులో పోయింది తీసేస్తే, వాళ్ళు ముప్పై వేల దరిదాపుల్లో ముందున్నారు. అదే రోజు, అదే క్యూలో నిలబడ్డ ఓటర్లు ఎంపీ మిషన్ మీద తెలుగుదేశాన్ని 8,726తో గెలిపించారు. రెండూ కలిపితే నలభై వేల ఓట్ల ఊగు. దీన్నే మనవాళ్ళు క్రాస్ ఓటింగ్ అంటారు.

అది బూత్‌లో ఎలా కనిపిస్తుందో చెప్పనా? రెండు ఎన్నికలు ఒకేసారి ఉన్నప్పుడు గదిలో రెండు అట్టల మరుగులు ఉంటాయి. మొదటిది పార్లమెంటు, మిషన్ మీద బ్యాలెట్ కాగితం తెల్లది. రెండోది అసెంబ్లీ, గులాబీ రంగుది. 2019 ఏప్రిల్ 11న నాకు నందిగామ వైపు ఒక పల్లెలో డ్యూటీ పడింది. ఒక పెద్దాయన తెల్లది నొక్కేసి వచ్చి, రెండో మరుగు ముందు ఆగి, "ఇందాక నొక్కింది ఢిల్లీదా, మనూరిదా?" అని గట్టిగా అడిగాడు. ఏజెంట్లు తలలు దించుకుని నవ్వుకున్నారు. "ఇప్పుడు నొక్కబోయేది అసెంబ్లీదండీ" అని మాత్రమే చెప్పగలం, అంతకుమించి పెదవి విప్పకూడదు. "అయితే సరే" అంటూ లోపలికెళ్ళాడు. ఆయనకు ఢిల్లీదొకటి, ఊరిదొకటి లెక్క ముందే ఉంది, మాకు తెలిసేది అక్కడితో సరి. సాయంత్రం పోలింగు ముగిశాక 17సీ ఫారాలు (బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో చూపే కాగితాలు) రాసి ఏజెంట్లకు ఇస్తాం. రెండు మిషన్ల మొత్తం ఓట్లు సమానంగా ఉండాలి, ఎవరైనా రెండోది నొక్కకుండా బయటికెళ్ళిపోతే ఒకటో రెండో తేడా వస్తుంది. ఆ ఒకటి రెండు ఓట్ల కోసం ఏజెంట్లు నన్ను అరగంట నిలదీశారు. అసలు తేడా ఆ మొత్తాల లోపల ఎలా చీలి ఉందో కౌంటింగు రోజు దాకా ఎవరికీ తెలియదు.

ఈ చీలికకు కారణాలు చాలా చెబుతారు. నా అంచనా ఇదీ. ఎమ్మెల్యే అభ్యర్థి తన ఓటు తనకు పడితే చాలనుకుంటాడు. ఖర్చు ఆయనది, బూత్ కమిటీ ఆయనది, పొద్దున్నే వెళ్ళి తలుపు తట్టేది ఆయన మనుషులే. పైది మీ ఇష్టం అన్నట్టు వదిలేస్తారు. ఎంపీ అభ్యర్థి గట్టివాడైతే ఆ ఖాళీలో తన ఓట్లు ఏరుకుంటాడు. 2019లో నాని అప్పటికే అయిదేళ్ళు ఎంపీ, కేశినేని ట్రావెల్స్ బస్సుల వల్ల పేరు పల్లెపల్లెకూ తెలుసు. పొట్లూరి ఎన్నికల ముందు మార్చి నెలలో పార్టీలో చేరి టికెట్ తెచ్చుకున్నారు. జనసేన ఎమ్మెల్యేకు ఓటేసి ఎంపీకి సైకిల్ నొక్కినవాళ్ళు కూడా నగరంలో ఉన్నారని బూత్ అంకెలు చూస్తే అనిపిస్తుంది.

విజయవాడ ఒక్కటే అనుకోకండి. ఆ ఏడాది తెలుగుదేశం గెలిచిన ఎంపీ సీట్లు మూడు, విజయవాడ, గుంటూరు, శ్రీకాకుళం. మూడింట్లోనూ కింద ఎక్కువ అసెంబ్లీలు వైసీపీవే. గుంటూరులో ఏడింట ఆరు వైసీపీకి పోయినా గల్లా జయదేవ్ 4,205 ఓట్లతో బయటపడ్డారు, తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్ల మీద గొడవ కోర్టు దాకా వెళ్ళింది. అదే గుంటూరు 2024లో పెమ్మసాని చంద్రశేఖర్‌కు 3,44,695 మెజారిటీ ఇచ్చింది. నదికి రెండు ఒడ్డులా ఒకే కథ నడిచిందంటే, అభ్యర్థుల గొప్పతనం కొంతవరకే అని అర్థం. రాజధాని మూడు ముక్కలు చేస్తామన్న 2019 డిసెంబరు ప్రకటన తర్వాత ఈ రెండు ఊళ్ళలో అద్దెలు, స్థలాల ధరలు ఏమయ్యాయో ఇక్కడ ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

2024కి వచ్చేసరికి క్రాస్ ఓటింగ్ దాదాపు మాయమైంది. ఏడు అసెంబ్లీలూ కూటమివే. పశ్చిమం బీజేపీ తరఫున సుజనా చౌదరికి 47,032, సెంట్రల్‌లో 2019లో 25 ఓట్లతో ఓడిన బొండా ఉమాకే 68,886, తూర్పులో గద్దెకు 49 వేల పైన. ఏడింటి మెజారిటీలు కూడితే రెండు లక్షల డెబ్బై వేలు దాటుతుంది, ఎంపీ మెజారిటీ 2.82 లక్షలు. రెండు మిషన్లూ ఒకే మాట చెప్పాయి. దీంట్లోంచి నేను తీసే ఇంకో అర్థం: నానికి సొంత ఓటు ఉందన్నది సగం నిజం. సైకిల్ గుర్తు మీద ఉన్నప్పుడు ఆ ఓటు కనిపించింది, ఫ్యాను కిందికి వెళ్ళేసరికి వైసీపీ మామూలుగా తెచ్చుకునే అయిదు లక్షల మీద ఏమీ పెరగలేదు. ఫలితాల తర్వాత ఆయన రాజకీయాల నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించారు.

అందరూ కులం గురించి అడుగుతారు కాబట్టి ఒక్క ముక్క. ఈ మధ్య ఎన్నికల్లో ప్రధాన పార్టీలు రెండూ ఎంపీకి ఒకే సామాజిక వర్గం వారిని నిలబెడుతూ వచ్చాయి. కాబట్టి ఎంపీ మిషన్ మీద అభ్యర్థి కులం పెద్దగా ఏమీ తేల్చదు. తేల్చేది మిగిలిన వర్గాలు ఎటు మొగ్గుతాయన్నదే: కాపులు, బీసీలు, ఎస్సీలు, పశ్చిమంలో ముస్లింలు, వన్‌టౌన్ వ్యాపారులు.

ఇక 2029. జ్యోతిషం చెప్పను, దేన్ని చూడాలో చెబుతాను.

మొదట పొత్తు. 2024లో కూటమిలో జనసేనకు ఈ ఏడు సీట్లలో ఒక్కటీ రాలేదు. ఆరు తెలుగుదేశం, ఒకటి బీజేపీ. పశ్చిమంలో సీటు దక్కుతుందనుకున్న జనసేన నాయకుడు పోతిన మహేష్ ఆ కోపంతో వైసీపీలో చేరారు. ఒకసారికి కార్యకర్తలు సర్దుకుంటారు. రెండోసారీ సున్నా అంటే సర్దుకుంటారా అన్నది నాకు అనుమానమే. జనసేన అధికారికంగా పొత్తులో ఉన్నా, కింది స్థాయి ఓటు పూర్తిగా బదిలీ కాకపోతే మెజారిటీలోంచి అరవై, డెబ్బై వేలు సులువుగా జారిపోతాయి.

అయితే జనసేన ఒక్కటే పోతే సీటు పోదు. 2024 అంకెల్లోంచి ఆ 81 వేలూ తీసేసినా తెలుగుదేశం రెండు లక్షలతో ముందే ఉంటుంది. మెజారిటీ అన్న మాటతో జనం పొరబడే చోటు ఇదే. 2.82 లక్షల మెజారిటీని సున్నా చేయడానికి 2.82 లక్షల మంది మారనక్కర్లేదు, 1.41 లక్షల మంది ఇటు నుంచి అటు మారితే చాలు. ఇద్దరికీ కలిపి పడిన 13 లక్షల ఓట్లలో అది తొమ్మిదింట ఒకటి. అయిదేళ్ళలో మొత్తం ఓట్లలో ఆ మాత్రం అధికారంలో ఉన్న పార్టీ నుంచి జారిపోవడం మన రాష్ట్రంలో వింతేమీ కాదు. పైగా 2021 మార్చిలో కార్పొరేషన్ ఎన్నికల్లో ఇదే నగరం 64 డివిజన్లలో 49 వైసీపీకి ఇచ్చింది. అధికారంలో ఎవరుంటే స్థానిక ఎన్నికల్లో వాళ్ళకు అనుకూలం అన్నది నిజమే అయినా, కంచుకోటలో పద్నాలుగు డివిజన్లతో సరిపెట్టుకోవడం జరగదు కదా.

రెండోది వైసీపీ అభ్యర్థి. 2014లో కోనేరు, 2019లో పొట్లూరి, 2024లో నాని. మూడు ఎన్నికలు, ముగ్గురు కొత్త మనుషులు, ఓడిన తర్వాత వీళ్ళలో ఎవరూ ఈ సీటు పట్టుకుని అయిదేళ్ళు తిరిగినవాళ్ళు కారు. అయిదు లక్షల ఓటు కదలకుండా ఉన్న పార్టీకి, ఆ ఓటు మీద యాభై వేలు పెంచుకునే మనిషి ఇన్నాళ్ళూ దొరకలేదంటే కారణం ఇదేనని నా నమ్మకం. 2027 నాటికల్లా ఎవరినో ఒకరిని ఇన్‌ఛార్జిగా పెట్టి తిరువూరు నుంచి జగ్గయ్యపేట దాకా పెళ్ళిళ్ళకూ చావులకూ తిప్పితే పోటీ ఉన్నట్టు. నామినేషన్లకు నెల ముందు డబ్బున్నవాణ్ణి తెస్తే 2019 మళ్ళీ చూస్తాం.

మూడోది సెంట్రల్, పశ్చిమం. 2024 మెజారిటీలో అరవై శాతం నగరంలోని మూడు సెగ్మెంట్లదే. అది వచ్చిన మూడు నెలలకే, సెప్టెంబరులో, బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. కింది అంతస్తు మునిగిన ఇంటికి ప్రభుత్వం పాతిక వేలు ఇచ్చింది, ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశారు. అందినవాళ్ళున్నారు, అందలేదని తిరిగినవాళ్ళున్నారు. అదే వరదలో కృష్ణలంక మాత్రం రిటైనింగ్ వాల్ వల్ల చాలావరకు బయటపడింది, ఆ గోడ మేం కట్టామంటే మేం కట్టామని రెండు పార్టీలూ ఇప్పటికీ కొట్టుకుంటున్నాయి. బుడమేరుకు కట్టుదిట్టమైన పని జరిగిందా లేదా అన్నదాన్ని సెంట్రల్ ఓటరు 2029లో గుర్తుపెట్టుకుంటాడు. మధ్యలో ఇంకో వాన పడితే మరీను. అమరావతి పనులు ఊపందుకుంటే నగరంలో ఇల్లు, స్థలం ఉన్నవాళ్ళు కూటమి వైపు నిలుస్తారు. అద్దెకుండేవాళ్ళకు మాత్రం అదే అమరావతి అద్దె పెరుగుదలగా కనిపిస్తుంది, దీన్ని ఏ పార్టీ సర్వేలోనూ సరిగ్గా కొలిచినట్టు నాకు కనిపించలేదు.

పల్లె సెగ్మెంట్లలో సంగతి వేరు. జగ్గయ్యపేటలో మెజారిటీ పదహారు వేలకు మించలేదు, తిరువూరులో ఇరవై రెండు వేల లోపు. తిరువూరులో ఎమ్మెల్యేకూ ఎంపీకీ పొసగడం లేదన్నది పేపర్లకెక్కిన విషయమే. ఇలాంటి చోట్ల క్రాస్ ఓటింగ్ తిరిగి మొలుస్తుంది, ఈసారి ఎవరికి లాభమో చెప్పలేం. పత్తి ధర, మిర్చి ధర, మామిడి ధర ఎలా ఉన్నాయన్నది అక్కడ ఎంపీ పేరు కంటే ముందు వస్తుంది.

చివరగా, ఈ లెక్కంతా తిరగేసే అంశం ఒకటుంది. జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. దాని తర్వాత పునర్విభజన జరిగి 2029కి ముందే సరిహద్దులు మారితే పైన చెప్పిన అంకెలన్నీ పాత కాగితాలే. విభజన చట్టం ప్రకారం మన అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కి పెరగాల్సి ఉంది. పెనమలూరు, గన్నవరం వైపు పెరిగిన నగరాన్ని ఇటు కలిపితే ఒక లెక్క, మైలవరం అటు పోతే ఇంకో లెక్క.

నా అంచనా అడిగితే, ఇవే సరిహద్దులతో, పొత్తు నిలిస్తే తెలుగుదేశానిదే పైచేయి, కానీ మెజారిటీ లక్షకు అటూ ఇటూ దిగొస్తుంది. పొత్తు చెడి, వైసీపీకి సరైన మనిషి దొరికితే 2009, 2019 లాగా పదివేల చుట్టూ తిరుగుతుంది. పందెం కాద్దామనుకునే మీ స్నేహితులకు ఇప్పుడే వద్దని చెప్పండి. ఆంధ్రా ఆక్టోపస్ అని పేరు తెచ్చుకున్న లగడపాటి గారు తెలుగుదేశమే గెలుస్తుందని చెప్పిన 2019 సర్వే నమ్మి ఈ ఊళ్ళో ఎంతమంది చేతులు కాల్చుకున్నారో మీకూ తెలిసే ఉంటుంది.

ఇక మీ బూత్ లెక్క. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఫారం 20 అని ఉంటుంది, ఒక్కో పోలింగ్ కేంద్రంలో ఒక్కో అభ్యర్థికి పడిన ఓట్లు అందులో ఉంటాయి. గొల్లపూడి మైలవరం సెగ్మెంటు కిందికి వస్తుంది. పార్లమెంటు ఫారం 20లో మైలవరం భాగం, అసెంబ్లీ ఫారం 20లో మైలవరం, రెండూ దించుకోండి. ఒకే నంబరు బూత్‌లో ఎంపీకి సైకిల్‌కు పడినవి, ఎమ్మెల్యేకు సైకిల్‌కు పడినవి పక్కపక్కన రాసుకోండి. తేడా నాలుగైదు ఓట్లుంటే పట్టించుకోకండి, ముప్పై నలభై ఉంటే అక్కడ ఎవరో పనిచేశారన్నట్టే. రెండు జాగ్రత్తలు: 2019కీ 2024కీ మధ్య బూత్‌లు చీలి నంబర్లు మారి ఉండొచ్చు, కాబట్టి నంబరు కాకుండా స్కూలు పేరు, గది చూసి జతచేయండి. పోస్టల్ బ్యాలెట్లు ఏ బూత్‌లోనూ చేరవు, ఫారం చివర విడిగా ఉంటాయి. మైలవరానికి ఇంకో తిరకాసు కూడా ఉంది. 2019లో ఫ్యాను మీద గెలిచిన వసంత కృష్ణప్రసాదే 2024లో సైకిల్ మీద గెలిచారు. అంచేత పార్టీ గుర్తు కాలమ్‌ను ఒకసారి, మనిషి పేరు కాలమ్‌ను ఒకసారి, రెండు రకాలుగానూ లెక్క వేయండి. మీ బూత్‌లో ఏది ఎక్కువ కదిలిందో ఇక్కడే పెడితే, మిగతా గొల్లపూడి బూత్‌లతో పోల్చి చూద్దాం.